నేటి ఒపెరా స్వరకర్తలు నిలుస్తారా? రాయలసీమ పద్యనాటకం చెప్పే సాక్ష్యం

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పల్లెల్లో కురుక్షేత్రం నాటకం వేయాలని ఊరివాళ్లు అనుకుంటే ముందుగా కుదుర్చుకునేది హార్మోనిస్టును. ఆయన రోజుల తరబడి ఊళ్లో మకాం వేసి, పొలం పనులు ముగిసిన తర్వాత గుడి ముందరో బడి వరండాలోనో వేషధారులను కూర్చోబెట్టి, చదువు అంతంతమాత్రంగా ఉన్నవారికి కూడా పద్యం ఎత్తుగడ, విరుపు, చివర తీయవలసిన రాగం గొంతుకు ఎక్కిస్తాడు. ఆడవేషాలకు పట్నం నుంచి కళాకారిణులు వస్తారు. సీన్లు, దుస్తులు, కిరీటాలు అద్దెకు వస్తాయి. నాటకం నాటి రాత్రి ‘జెండాపై కపిరాజు’ పూర్తికాగానే జనంలో నుంచి ‘వన్స్‌ మోర్‌’ అని కేక పడితే కృష్ణుడి వేషధారి అదే పద్యాన్ని మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ పద్యం తిరుపతి వేంకట కవులదని ఆ ప్రేక్షకుల్లో చాలామందికి తెలుసు. దానికి ఆ వరస మొదట కట్టినవారెవరో మాత్రం అందులో ఎవరూ చెప్పలేరు.

మాటలు దాదాపు అన్నీ పాటగానే సాగే పాశ్చాత్య సంగీత నాటకమైన ఒపెరాలో పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ కృతికి యజమాని స్వరకర్తే; వెర్ది ఒపెరా, పుచ్చీని ఒపెరా అంటారు తప్ప మాటలు రాసిన కవి పేరు ప్రత్యేకంగా తెలుసుకున్నవారికి గాని గుర్తుండదు. అందువల్ల సమకాలీన ఒపెరా, మ్యూజికల్‌ (మాటలూ పాటలూ కలిసిన నాటకం) స్వరకర్తల్లో నూరేళ్ల తర్వాత ఎవరు వినబడతారన్న చర్చ అక్కడ సహజంగానే వ్యక్తుల చుట్టూ తిరుగుతుంది: ఒపెరాలు రాసిన గ్లాస్‌ నిలుస్తాడా, ఆడమ్స్‌ నిలుస్తాడా, మ్యూజికల్స్‌ రాసిన సాండ్‌హైమ్‌ నిలుస్తాడా, లాయిడ్‌ వెబర్‌ నిలుస్తాడా అని. కానీ స్వరకర్త పేరు నిలవడం ఒకటి, అతను కట్టిన పాట నిలవడం మరొకటి. ఈ రెండూ విడివిడిగా బతకగలవనీ, విడివిడిగా చావగలవనీ రాయలసీమ రంగస్థల చరిత్ర చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. పాట నిలవడానికి దాని ఘనత ఒక్కటే చాలదు. కర్త చేతిలో నుంచి జారి ఎన్ని కొత్త గొంతులకు అది అందగలిగిందన్నదే ఎక్కువగా పనిచేస్తుంది.

ఒపెరా కథలో 1926ను ఒక హద్దుగా చాలామంది చూపుతారు. పుచ్చీని 1924లో మరణించగా, అసంపూర్తిగా మిగిలిన ‘తురాందోత్‌’ను మరో స్వరకర్త ఆల్ఫానో పూర్తిచేయడంతో అది 1926లో మిలాన్‌లోని లా స్కాలా వేదిక మీదికి వచ్చింది. సామాన్య ప్రేక్షకులు టికెట్టు కొనుక్కుని పదేపదే చూసే ఒపెరాల్లో కాలక్రమంలో చివరిది అదేనన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇది కొంత అతిశయోక్తి. బెంజమిన్‌ బ్రిటన్‌ రాసిన ‘పీటర్‌ గ్రైమ్స్‌’ 1945లో వచ్చి నేటికీ చాలా దేశాల్లో ఆడుతూనే ఉంది. అయినా ఆ మాట వెనుక ఉన్న బాధ నిజమైనదే. ఆ తర్వాతి దశాబ్దాల్లో వందల కొద్దీ ఒపెరాలు పుట్టాయి, ఎక్కువ భాగం మొదటి ప్రదర్శనల దగ్గరే ఆగిపోయాయి. ఒక సంస్థ కొత్త కృతి రాయిస్తుంది, పత్రికలవాళ్లు వస్తారు, కొన్ని రాత్రులు ఆడుతుంది, సమీక్షలు పడతాయి, అంతటితో దాని స్వరలిపి బీరువాలోకి వెళ్లిపోతుంది. తొలి ప్రదర్శనకు ఉండే గౌరవం రెండో ప్రదర్శనకు ఉండదు కాబట్టి, మరొక నగరంలోని సంస్థ దాన్ని అందిపుచ్చుకోవడం కన్నా తనదైన మరో కొత్త కృతి రాయించుకోవడానికే మొగ్గు చూపుతుంది.

మన పరిషత్తు నాటకాల సంగతి తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. పోటీల కోసం ఏటా కొత్త పద్యనాటకాలు రాస్తున్నారు, మంచి వరసలు కడుతున్నారు, వాటికి బహుమతులూ వస్తున్నాయి. కర్నూలు సి.క్యాంపులోని టీజీవీ కళాక్షేత్రంలోనో, అనంతపురం లలితకళా పరిషత్తులోనో రసజ్ఞులైన సభికుల ముందు మెప్పు పొందిన నాటకాన్ని కూడా తర్వాత ఏ ఊరివాళ్లూ వచ్చి మాకు నేర్పండి అని అడగరు. వాళ్లు అడిగేది మళ్లీ కురుక్షేత్రం, మళ్లీ సత్యహరిశ్చంద్ర. దీన్ని పల్లె ప్రేక్షకుల వెనుకబాటు అని కొట్టిపారేయడం న్యాయం కాదు. కొత్త నాటకం న్యాయనిర్ణేతల కోసం, ఒకే బృందం చేతిలో, ఒకే గంటన్నర గడువులో ఒదిగేలా తయారవుతుంది. దానికి బయటికి నడిచి వెళ్లే దారి ఉండదు.

అప్పటి పేరు ప్రఖ్యాతులను బట్టి భవిష్యత్తును అంచనా వేయడం ఎంత ప్రమాదమో ఒపెరా స్వరకర్త మేయర్‌బీర్‌ విషయంలో తెలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో అతనిది ఎదురులేని స్థానం. 1836లో వచ్చిన ‘లె యూగ్‌నో’ పారిస్‌ ఒపెరాలో 1906 నాటికి వెయ్యి ప్రదర్శనలు పూర్తిచేసుకుంది. ఆ సంస్థలో వెయ్యి దాటిన మొదటి కృతి అదే. ఇవాళ దాన్ని చూడాలంటే ఏ నగరంలోనైనా అరుదుగా పునఃప్రదర్శన జరిగినప్పుడు వెతుక్కుంటూ వెళ్లాలి. అభిరుచులు మారాయి, వాగ్నర్‌ చేసిన దుష్ప్రచారం కూడా అతన్ని దెబ్బతీసింది. అంతకన్నా పెద్ద కారణం ఆ కృతి నిర్మాణంలోనే ఉంది. దానికి ప్రథమశ్రేణి గాయకులు ఏడుగురు కావాలి. 1890లలో న్యూయార్క్‌ మెట్రోపాలిటన్‌ ఒపెరా దాన్ని ఏడుగురు తారల రాత్రిగా ప్రకటించి టికెట్టు ధర పెంచి ఆడించింది. అలాంటి ఏడుగురు ఒకేచోట దొరకని రోజు వచ్చేసరికి కృతి నిలబడలేకపోయింది.

అదే పారిస్‌లో 1875 మార్చిలో మొదటిసారి ఆడిన ‘కార్మెన్‌’ను విమర్శకులు చాలామంది ఈసడించారు. సరిగ్గా మూడు నెలలకే దాని స్వరకర్త బిజే ముప్పై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ ఒపెరా ప్రపంచమంతా తిరగడం అతను చూడలేదు. అందులోని పాటలు విడివిడిగా కూడా బతకగలవు. ఒక్క గాయని, ఒక పియానో ఉన్నా ‘హబనేరా’ పాడుకోవచ్చు. పూర్తి ఒపెరా చూడనివారికి కూడా ఆ పాట తెలిసి ఉండటం వల్లే ఆ ఒపెరాకు ప్రేక్షకులు తరగలేదు.

మన ప్రాంతంలో మేయర్‌బీర్‌కు సాటి రాగల ఉదాహరణ ఒకటి ఉంది, చెప్పడానికి కొంత బాధగానే ఉంటుంది. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు నేటి శ్రీసత్యసాయి జిల్లాలోని ధర్మవరంలో పుట్టి, బళ్లారిలో సరసవినోదినీ సభను నడిపి, ముప్పై వరకూ నాటకాలు రాశారు. తెలుగు నాటకంలో పాటకూ రాగానికీ పెద్దపీట వేసిన తొలితరంలో ఆయనది ముందువరస. ఆయన ‘చిత్రనళీయం’, ‘విషాద సారంగధర’ నాటకాలు ఒకనాడు ఆ చుట్టుపక్కల జిల్లాలను ఊపేశాయి. ఇప్పుడు ఆయన పేరు ప్రతి నాటక చరిత్రలోనూ ఉంది, విగ్రహాలకు పూలమాలలు పడతాయి, జయంతి సభల్లో ప్రసంగాలు జరుగుతాయి. ఆయన నాటకంలోని పాట ఒకటి పాడి వినిపించగల నటుడు మాత్రం అదే ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో కూడా దొరకడం కష్టం. అక్కడ నడిచేది కోస్తా నుంచి వచ్చిన తిరుపతి వేంకట కవుల పద్యం. స్వరకర్తగానూ రచయితగానూ పేరు నిలిచి, పాట నిలవకపోవడానికి ఇంతకన్నా దగ్గరి నిదర్శనం అక్కరలేదు.

పద్యం ఇలా గెలవడానికి దాని స్వభావమే కారణం. ఆనాటి నాటకాల్లోని పాటలు చాలావరకు ధార్వాడ, పార్శీ నాటక కంపెనీల మట్ల (వరసల) మీద కట్టినవి. ఆ మట్టు తెలిసిన తరం పోగానే అచ్చులో మాటలు మిగిలాయి, పాడే తీరు పోయింది. శార్దూలానికీ ఉత్పలమాలకూ అలాంటి చిక్కు లేదు. నడక ఛందస్సులోనే ఉంటుంది, తాళపు కట్టడి లేదు, రాగాన్ని నటుడు తన శ్రుతికీ శక్తికీ తగినట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. గొప్ప గాత్రమున్నవాడు చివరి పాదం మీద చాలాసేపు నిలబడతాడు, అంత లేనివాడు ఒక్క గుక్కలో ముగించి మాటతో నెగ్గుకొస్తాడు. పద్యనటుల పేర్లతో పీసపాటి బాణీ, షణ్ముఖి బాణీ అని ఇవాళ్టికీ చెప్పుకుంటున్నామంటే, ఈ రంగంలో స్వరకర్త స్థానం నటుడికే దక్కిందని అర్థం.

రామకృష్ణమాచార్యుల మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవకు పద్యాన్ని ఇలా కచేరీలాగా సాగదీయడం నచ్చేది కాదు. పాత్ర ఏడవవలసిన చోట నటుడు రాగాలాపన మొదలుపెడితే నటన చచ్చిపోతుందన్నది ఆయన వాదన. నటన కోణంలో ఆ వాదనను కాదనడం సాధ్యం కాదు. అయితే ఆయన తప్పుబట్టిన ఆ రాగాలాపనే పద్యనాటకాన్ని పల్లెల్లో నేటిదాకా మోసుకొచ్చింది. కళగా ఏది ఉత్తమమో అదే నిలుస్తుందన్న భరోసా లేదన్నది ఒప్పుకోవలసిన సంగతి.

మ్యూజికల్స్‌ వైపు వస్తే, ఎక్కువ కాలం ఆడటాన్నే చిరస్థాయిగా పొరబడటం కనిపిస్తుంది. ఆండ్రూ లాయిడ్‌ వెబర్‌ ‘ఫాంటమ్‌ ఆఫ్‌ ది ఒపెరా’ 1986లో లండన్‌లో మొదలై, 1988 నుంచి 2023 ఏప్రిల్‌ దాకా న్యూయార్క్‌ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేలో 13,981 సార్లు ఆడింది. ఇది అసాధారణమైన విజయం, సందేహం లేదు. కానీ అది ఒకే నిర్మాణం, ఒకే రంగాలంకరణ, కూలిపడే అదే షాండ్లియర్‌. అంత ఖర్చును ఎప్పటికీ భరించలేమని నిర్మాతలకే అర్థమైంది. 2021లో లండన్‌లో తిరిగి తెరిచినప్పుడు వాద్యబృందాన్ని దాదాపు సగానికి తగ్గించారు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజం కూడా మాయలతో, మంత్రాలతో, గాలిలో ఎగిరే వేషాలతో తరతరాలను ఆకట్టుకుంది. ఆ సమాజం నిలిచింది కుటుంబం వల్ల. పుట్టిన పిల్లలు వేదిక మీదే పెరిగి అదే వృత్తిలో కొనసాగడం వల్ల ఆ విద్య బయటివారికి ఇవ్వనక్కరలేకుండానే తరం నుంచి తరానికి అందింది. బ్రాడ్వే నిర్మాణానికి అలాంటి వారసత్వం ఉండదు. లాయిడ్‌ వెబర్‌ పాటలు కొన్ని పెళ్లిళ్లలో, పోటీల్లో, కచేరీల్లో చాలాకాలం వినబడతాయి. పూర్తి నాటకాలు అంత కాలం ఉంటాయా అన్నది అనుమానమే.

స్టీఫెన్‌ సాండ్‌హైమ్‌ కథ దీనికి భిన్నం, ఈ చర్చకు మరింత ముఖ్యం. 1981లో వచ్చిన అతని ‘మెరిలీ వి రోల్‌ అలాంగ్‌’ బ్రాడ్వేలో 16 ప్రదర్శనలకే మూతపడింది. అతని స్వరాలు ఇంటికి వెళుతూ కూనిరాగం తీయడానికి పనికిరావన్న ఫిర్యాదు జీవితాంతం వెంటాడింది. అయినా ఆ నాటకాన్ని చిన్నచిన్న బృందాలు వదలలేదు, దాన్ని సవరించడం కర్తలూ మానలేదు. సాండ్‌హైమ్‌ 2021లో మరణించాడు. 2023లో ఆ నాటకం బ్రాడ్వేకు తిరిగివచ్చి అఖండ విజయం సాధించి, 2024లో ఉత్తమ పునఃప్రదర్శనకు బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ పురస్కారం పొందింది. సులభమైన పాటే నిలుస్తుందన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. పాడేవాడికి ఆ పాటలో పాత్ర దొరుకుతుంది, తన సత్తా చూపుకునే చోటు దొరుకుతుంది కాబట్టే నటులు దాన్ని పట్టుకుని వదలరు.

హరిశ్చంద్రుడి కాటిసీను కూడా సులభమైనది కాదు. అర్ధరాత్రి దాటాక, అప్పటికే గంటల తరబడి పాడిన గొంతుతో ఆ ఘట్టం పండించాలి. అయినా ప్రతి పద్యనటుడికీ ఆ వేషం ఒక కల. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలోని కాటిసీనులో గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన ఖండికలోని పద్యాలను నటులు తెచ్చి చేర్చుకున్నారు. నాటకకర్త రాయని పద్యాలే ఆ ఘట్టానికి ప్రాణమయ్యాయి. కర్త మాటను దాటి నటుడు ఇంత చొరవ తీసుకోగలిగిన చోట కృతి ముసలిదైపోదు. సాండ్‌హైమ్‌ నాటకాలకు ఇంత స్వేచ్ఛ లేదు గాని, 1987 నాటి ‘ఇంటూ ది వుడ్స్‌’ను పాఠశాలల కోసం మొదటి అంకానికే కుదించిన ప్రత్యేక ప్రతి ఉంది. బడిపిల్లలు రుసుము చెల్లించి ఆ ప్రతి తెప్పించుకుని వేస్తారు. పన్నెండేళ్ల వయసులో ఆ పాటలు నేర్చినవారే రేపటి ప్రేక్షకులు. అతను నిలుస్తాడని ధైర్యంగా చెప్పడానికి బ్రాడ్వే పురస్కారం కన్నా ఇదే గట్టి ఆధారం.

ఒపెరా స్వరకర్తల్లో ఫిలిప్‌ గ్లాస్‌ను తెలుగు పాఠకులు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. 1980లో రాటర్‌డామ్‌లో తొలిసారి ఆడిన ‘సత్యాగ్రహ’ దక్షిణాఫ్రికాలో గాంధీ గడిపిన సంవత్సరాల గురించిన ఒపెరా; పాడేదంతా సంస్కృతంలో, భగవద్గీత శ్లోకాల్లో. చివరి ఘట్టంలో గాంధీ పాత్రధారి పాడేది నాలుగో అధ్యాయంలో కృష్ణుడు తన అనేక జన్మల గురించీ ధర్మగ్లాని గురించీ చెప్పే మాటలు. ఆ మాటలకు గ్లాస్‌ పెట్టిన సంగీతం చూస్తే మొదట నమ్మబుద్ధి కాదు: కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా ఎక్కే ఎనిమిది స్వరాలు, అంతే. అవి మన హనుమతోడి ఆరోహణలోని స్వరాలే. గమకం లేదు కాబట్టి దాన్ని తోడి అనలేము. అయినా శుద్ధరిషభం దగ్గర మొదలయ్యే ఆ బరువు మన చెవికి వెంటనే తెలుస్తుంది. ఆ ఆరోహణ సుమారు ముప్పైసార్లు తిరిగి వస్తుంది. అవరోహణ ఉండదు, ప్రతిసారీ కింది నుంచి మళ్లీ మొదలు. కింద వాద్యాల స్వరసంగతులు మారుతుంటాయి, గాత్రం మాత్రం తన దారి తప్పదు. పట్టుదల అన్న గుణాన్ని సంగీతంలో ఇంత నిరాడంబరంగా చూపించినవారు అరుదు. గ్లాస్‌ది వట్టి పునరుక్తి అని తీసిపారేసే విమర్శ ఈ ఘట్టం ముందు వీగిపోతుంది. ఈ ఆరోహణను మంచి గొంతు ఉన్న ఏ విద్యార్థి అయినా ఒక పూటలో నేర్చుకోగలడు, పియానో మీద ఒక్కడే వాయించుకోగలడు. మిగతా ఒపెరాకు బృందగానం చేసేవారికి అపారమైన ఓపిక కావాలి, అది అన్నిచోట్లా సాగదు. అయినా ఈ ఘట్టం విడిగా బతుకుతుంది, దాని కోసం మొత్తం కృతి అప్పుడప్పుడు మళ్లీ తెరమీదికి వస్తుంది.

జాన్‌ ఆడమ్స్‌ విషయంలోనూ ఆశకు తావుంది. 1987లో హ్యూస్టన్‌లో ‘నిక్సన్‌ ఇన్‌ చైనా’ ఆడినప్పుడు అది వార్తాపత్రికల ముచ్చటగా మిగిలిపోతుందని అనుకున్నవారు ఉన్నారు. 2011లో మెట్రోపాలిటన్‌ ఒపెరా దాన్ని తన వేదికకు తెచ్చుకుంది. 2005 నాటి అతని ‘డాక్టర్‌ అటామిక్‌’లో అణుబాంబు ముందు నిలబడి ఓపెన్‌హైమర్‌ పాడే గీతాన్ని గాయకులు కచేరీల్లో విడిగా పాడుతున్నారు. ఆంథొనీ డేవిస్‌ 1986లో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్‌ ఎక్స్‌ మీద రాసిన ఒపెరా మెట్రోపాలిటన్‌ చేరడానికి 2023 దాకా ఆగవలసి వచ్చింది. కైయా సారియాహో ‘లామూర్‌ ద లుఆ’ 2000లో సాల్జ్‌బర్గ్‌లో పుట్టి 2016లో మెట్రోపాలిటన్‌కు చేరింది. ఇలా మొదటి ప్రదర్శనకూ మరో పెద్ద సంస్థ చేపట్టడానికీ మధ్య గడిచిన కాలాన్ని కృతి తట్టుకుందా లేదా అన్నదే గమనించవలసినది. తొలి రాత్రి చప్పట్లు దేనికీ రుజువు కావు.

ఎ.ఆర్‌.రహమాన్‌ 2002లో లాయిడ్‌ వెబర్‌ నిర్మాణంలో లండన్‌ వేదికకు ఇచ్చిన ‘బాంబే డ్రీమ్స్‌’ అక్కడ రెండేళ్లు, బ్రాడ్వేలో 2004లో కొన్ని నెలలు ఆడింది. ‘షకలక బేబీ’ లాంటి పాటలు సినిమాల నుంచే అక్కడికి వెళ్లాయి, నాటకం ఆగిపోయాక సినిమా పాటలుగానే మిగిలాయి. రహమాన్‌ నిలుస్తాడనడంలో సందేహం లేదు. రంగస్థల స్వరకర్తగా మాత్రం కాదు.

ఖర్చు సంగతి తేల్చకుండా ఈ చర్చ పూర్తి కాదు. కురుక్షేత్రం ఆడటానికి హార్మోనియం, తబలా చాలు, గొంతులు ఊరివే. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో మరణించారు కాబట్టి ఆయన రచనల మీద హక్కులు కూడా ఏనాడో ముగిశాయి. సమకాలీన ఒపెరాకు పెద్ద ఆర్కెస్ట్రా, ప్రతి వాద్యానికీ అద్దెకు తెచ్చుకోవలసిన స్వరలిపి, కర్త మరణించిన డెబ్భై ఏళ్ల దాకా యూరప్‌లో చెల్లించవలసిన హక్కుల రుసుము ఉంటాయి. దీన్నిబట్టి చూస్తే, ఈ కాలపు ఒపెరాల్లో చిన్న బృందాల చేతికి అందేవే ముందు తరాలకు చేరే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌ 1954లో కేవలం పదమూడు మంది వాద్యకారుల కోసం ‘ది టర్న్‌ ఆఫ్‌ ది స్క్రూ’ రాశాడు. సంగీత కళాశాలలు, చిన్న పట్టణాల సంస్థలు సైతం దాన్ని భరించగలుగుతున్నాయి కాబట్టి అది నేటికీ తరచుగా ఆడుతోంది. గ్లాస్‌, ఆడమ్స్‌ తర్వాతి తరంలో ఎవరు నిలుస్తారని వెతకవలసింది పెద్ద ఒపెరా భవనాల ప్రారంభోత్సవ రాత్రుల్లో కాదు. ఇద్దరు ముగ్గురు గాయకులు, గుప్పెడు వాద్యాలతో సరిపెట్టుకునే కృతుల్లో, వాటిని రెండోసారి, మూడోసారి అడిగి తెచ్చుకుంటున్న కళాశాలల్లో.